పాత కట్టడములు: గాలి, వెలుతురు



మన గ్రంథాలయమునకు క్రొత్త పంకాలు, దీపములు అమర్చవలెనని కార్యవర్గమువారు తలపెట్టి, నన్నీ విషయమును గూర్చి మాటాడుమన్నారు. హైదరాబాదు పాతబస్తీలో, మూసీ ఒడ్డున, హైకోర్టు సరసనున్న సిటీ కళాశాల భవనమును దృష్టాంతముగా తీసికొందును.

విన్సెంట్ ఎష్ అను ఆంగ్లేయ వాస్తుశిల్పి రూపకల్పన చేసిన ఆ సౌధములోనికి అప్పటి సిటీ పాఠశాల 1921లో మారినది. హుసేన్‌సాగరు చెంత విద్యుత్కేంద్రము వెలసినది 1920లోనే. పంకాను నమ్ముకొని గదులు కట్టు రోజులు కావవి. అందుచే ఆనాటి కట్టడములకు మందపు గోడలు, ఎత్తైన కప్పులు, కిటికీలపైన గాలికన్నములు పెట్టెడివారు. వేడెక్కిన గాలి తేలికయై పైకన్నమునుండి వెలికిపోవును. దాని చోటికి క్రిందినుండి చల్లగాలి వచ్చును. మన మండువా లోగిలి మర్మమును ఇదియే కదా!

ఇట్టి భవనములను బాగుచేయబోయి కొందరు ముందుగా ఆ కన్నములనే మూసి, అడ్డుకప్పు బిగించి, శీతలయంత్రము తగిలింతురు. కరెంటు పోయినదా, గది కుంపటియగును. ఊరక కూర్చున్న మనిషి ఒంటినుండి సుమారు 100 వాట్ల వేడి వెలువడును. 60 మంది విద్యార్థులనగా 6,000 వాట్లు! అది పోవుటకు దారి యేది? వేసవిలో పరీక్ష వ్రాయు పిల్లలనడుగుడు, చెప్పెదరు.

తీగెల కొఱకు గోడలు తొలుచుట మరియొక చేటు. సున్నపు గోడ చెమ్మను పీల్చి విడుచుచుండును. తొలిచినచోట సిమెంటు మెత్తినచో చెమ్మ లోననే చిక్కి పెచ్చులూడును. గొట్టములలో తీగెలను గోడమీదనే, మూలవెంబడి నడిపించుట మేలు.

నా అభిప్రాయమున తొలిపని కన్నములు తెరచి, బిగిసిన కిటికీరెక్కలకు నూనె పెట్టుట. పిదప పైకప్పునకు తెల్లపూత. తెలుపు ఎండను త్రిప్పికొట్టును. తెలంగాణ ప్రభుత్వము 2023లో ప్రకటించిన చల్లని పైకప్పుల విధానమునకు మూలమిదియే. ఆపైన పంకాలు. ఎత్తుకప్పునకు అంటి తిరుగు పంకా గాలి క్రిందివారికందదు. పొడుగు కడ్డీతో నేలకు 9 అడుగుల యెత్తునకు దింపవలెను. పాత పంకా 75 వాట్లు త్రాగుచోట క్రొత్తరకము సుమారు 30 వాట్లతో తిరుగును. 60 వాట్ల బల్బు వెలుతురును 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపమే ఇచ్చును. వెచ్చజేయు యంత్రముల ప్రసక్తి మన సీమలో అక్కరలేదు.

శీతలయంత్రము బొత్తిగా వలదనను. అయితే తాళపత్రములున్న గదిలో దానిని పగలు నడిపి రాత్రి ఆపుట, అసలు పెట్టకుండుటకంటె హాని.

మన గ్రంథాలయమున తూర్పు కిటికీలు రెండు బీరువాల వెనుక మూతపడియున్నవి. బీరువాలను ఎదుటి గోడకు జరిపి, కప్పునకు సున్నము కొట్టించి, ఒక వేసవి చూచిన పిమ్మట పంకాలెన్ని కావలెనో లెక్కవేయుడని కార్యవర్గమువారికి మనవి చేయుచున్నాను.