దేవుని గూర్చి చెప్పు మాట

రాజమహేంద్రవరమునకు ఉత్తరముగా కోరుకొండ యను గ్రామము కలదు. పొలముల నడుమ ఒంటిగా లేచిన కొండపై లక్ష్మీనరసింహస్వామి వెలసియున్నాడు. ఫాల్గుణమాసమున జరుగు తీర్థమునకు చుట్టుపట్ల గ్రామములవారు వచ్చి, నిటారైన మెట్లెక్కి, స్వామిని నోరార పిలిచి పోవుదురు. ఆ పిలుపులో భక్తి కలదని అందరమును ఒప్పుకొందుము. కాని అందు జ్ఞానము కలదా? దైవము వాక్కున కందనిదని పెద్దలు చెప్పుచుండగా, దయామయుడు, జగత్కర్త యను మన మాటలు ఆయనను నిజముగా చేరునా, దారిలోనే ఆగిపోవునా? నేడు మనము విచారింపబోవు విషయ మిది.

ఈ విచారమునకు కోరుకొండ తగిన చోటు. 14వ శతాబ్దమున ఇచటి ప్రభువైన ముమ్మడినాయకుడు పరాశరభట్టరను శ్రీవైష్ణవాచార్యునకు శిష్యుడు. రామానుజుల శిష్యుడగు కూరేశుల కుమారుడును, విష్ణుసహస్రనామములకు ‘భగవద్గుణదర్పణ’ మను వ్యాఖ్య రచించినవాడును అగు పరాశరభట్టరు అంతకు పూర్వుడు. పేరొకటి యగుటచే ఇరువురిని ఒకరని భ్రమపడరాదు. ఐనను ఇరువురిదియు ఒకే సంప్రదాయము. ఆ సంప్రదాయమునకు మాటను గూర్చి ఒక నిశ్చితమైన మతము కలదు.

మన పూర్వులు తత్త్వము చెప్పవచ్చిన వానిని మొదట అడుగు ప్రశ్న యొకటి: నీకిది యెట్లు తెలిసినది? చూచి తెలిసికొంటివా, ఊహించితివా, విని తెలిసికొంటివా? ప్రత్యక్షము, అనుమానము, శబ్దము అను ప్రమాణముల విచారమిదియే. దీనికిచ్చు సమాధానమును బట్టియే దైవవిచారపు త్రోవ మారిపోవుచుండును.

నైయాయికులు అనుమానమును నమ్మిరి. కుండ యున్నచో కుమ్మరి యుండవలెను. జగత్తును అట్లే కార్యము గనుక దానికొక కర్త యుండవలెను. ఉదయనాచార్యుడు ‘న్యాయకుసుమాంజలి’లో ఈ వాదమును దృఢపరచెను. ఇట్టివానికి దైవవిచార మనగా నాస్తికునితో తర్కించి గెలుచుట. రామానుజులు దీనిని ఒప్పుకొనలేదు. గోపురము వంటి పెద్ద పనిని ఒక్కడే చేయుట మన మెరుగము; పలువురు శిల్పులు కలిసి చేయుదురు. కావున లోకమును చూచి ఊహించినచో పలువురు కర్తలు తేలవచ్చును గాని, సర్వజ్ఞుడైన ఒక్క ఈశ్వరుడు తేలడు. ఆయనను తెలుపునది శాస్త్రమే. తర్కము శాస్త్రమునకు తోడుగా నడువవలెను.

శాస్త్రమనగా మాటయే కదా. ఇచట మీమాంసకులలో ప్రాభాకరులు అడ్డు తగిలిరి. పెద్దవాడు “ఆవును తెమ్ము” అనగా వేరొకడు తెచ్చుటను చూచి బాలుడు భాష నేర్చుకొనును. కనుక మాటకు బలము చేయవలసిన పనియందే కలదు, ఉన్న వస్తువును ఉన్నదని చెప్పుటయందు లేదని వారి వాదము. ఇది నిలిచినచో బ్రహ్మమును గూర్చిన ఉపనిషద్వాక్యములన్నియు విధికి అంగములై మిగులును. దీనికి రామానుజుల సమాధానము మన యిండ్లలో నిత్యము కనబడునదే. తల్లిదండ్రులు వ్రేలితో చూపుచు “ఇదిగో మామ, అదిగో చందమామ” అని మరల మరల చెప్పుదురు. ఆజ్ఞ ఏమియు లేకయే బిడ్డ కర్థమగును. అట్లగుటచే ఉన్నదానిని తెలుపుటకును మాట చాలును. బ్రహ్మవిచారపు గడప తొట్టెలోని బిడ్డ చెంత తెరచుకొనినదన్నమాట.

ఇంక అసలు చిక్కు. ఛాందోగ్యమున ఉద్దాలకుడు కుమారుడైన శ్వేతకేతువునకు, ఆ సత్తు నీవే యని తొమ్మిది మారులు ఉపదేశించెను. అల్పుడైన జీవుడును సర్వజ్ఞుడైన బ్రహ్మమును ఒకటి యెట్లగుదురు? ఎన్నడో కోటిపల్లి రేవున చూచిన బాలుడు నేడు వృద్ధుడై కోరుకొండలో కనబడెననుకొందము. “అతడే యితడు” అందుము. అప్పటి కాలమును ఇప్పటి కాలమును పొసగవు గనుక వానిని విడిచి, వ్యక్తిని మాత్రము గ్రహింతుమని అద్వైతులు చెప్పుదురు; ఇది లక్షణావృత్తి. అటులనే అల్పత్వమును సర్వజ్ఞత్వమును విడిచినచో శుద్ధచైతన్య మొక్కటే మిగులును. రామానుజులు దేనిని విడువరు. ఒకే మనుష్యుడు వేర్వేరు కాలములందు వేర్వేరు చోట్ల నుండుటలో విరోధము లేదు. “నేను మెట్లెక్కుచున్నాను” అనునపుడు ఎక్కునది దేహమైనను, ‘నేను’ అను మాట దేహమును దాటి ఆత్మను చేరుచున్నది. జీవులును జగత్తును ఈశ్వరునకు శరీరము. కావున ప్రతి పదమును తుదకు ఆ శరీరియందే విశ్రమించునని వారి సిద్ధాంతము.

భాషను గూర్చిన ఈ రెండు మతముల నుండి రెండు సాధనలు వెలువడినవి. ఒకరిది కాదు కాదని త్రోసివేయుచు మౌనమును చేరు త్రోవ. వేరొకరిది గుణములను ఒక్కటొక్కటిగా ఎన్నుకొను త్రోవ. భట్టరు వేయినామములలో ప్రతి నామమునందును ఒక గుణమును దర్శింపగోరుట ఈ రెండవ త్రోవయే.

ఈ విచారము మనదేశమునకే పరిమితము కాదు. 13వ శతాబ్దమున థామస్ అక్వినాస్, ‘మంచివాడు’ అను మాట దేవునికిని మనుష్యునికిని ఒకే అర్థమున చెల్లదనియు, పొత్తులేని రెండర్థములును కావనియు, సాదృశ్యముచే చెల్లుననియు నిర్ణయించెను. 1936లో ఎ. జె. అయర్ అను ఆంగ్లేయుడు, అనుభవముచే పరీక్షింపరాని వాక్యమునకు, తర్కగణితములు తప్ప, అర్థమే లేదనియు, దేవుడు కలడనుటయు లేడనుటయు సమముగా వ్యర్థమనియు వ్రాసెను. ఆ కొలతతో కొలిచినచో ఆ కొలతయే నిలువదని విమర్శకులు చూపిరి.

అట్లైన ప్రతివాడును తనకు కావలసిన దేవునికి తగిన భాషాసిద్ధాంతమును కల్పించుకొనెనా? ఈ శంక న్యాయమైనదే. మాకు తోచిన పరీక్ష యొకటి కలదు. భాషను గూర్చిన సిద్ధాంతము శాస్త్రమునకే గాక సంతలోని మాటకును, తల్లి బిడ్డకు చెప్పు మాటకును చాలవలెను. దేవుని కొరకే ప్రత్యేకముగా కల్పించిన నియమమును అనుమానింపవలెను. ఆచార్యులు గోపురమును, ఆవును, చందమామను ఉదాహరించుట ఇందుకే. ఏ పక్షము గెలిచినదన్నది వారివారి వివేకమునకు విడుతము.

మన యిండ్లలో మతవాదములు వచ్చినపుడు కంఠస్వరము హెచ్చుటయే గాని విషయము తెగుట అరుదు. ఎదుటివాడు ఏ ప్రమాణమును నమ్మి మాటలాడుచున్నాడో, ఏ మాట నే యర్థమున వాడుచున్నాడో ముందుగా అడిగినచో సగము తగవు అచటనే సమసిపోవును. మిగిలిన సగమే నిజమైన భేదము. దానిని గౌరవముతో విచారింపవచ్చును. కోరుకొండ మెట్లెక్కుచు నామము నుచ్చరించు ముసలవ్వకు ఈ శాస్త్రమేమియు తెలియకపోవచ్చును. కాని ఆమె మాట గమ్యమును చేరునా యను ప్రశ్న కొరకే మహాపండితులు శతాబ్దములు శ్రమించిరని మనము మరువరాదు.