బీదరు: ఎర్రరాయి కింద నీరు



బీదరు పేరు చెప్పగానే చాలామందికి నల్లని పాత్ర మీద మెరిసే వెండి పువ్వులు గుర్తుకు వస్తాయి. కొందరికి కోట, మరికొందరికి గురుద్వారా గుర్తుకు వస్తాయి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బజారులో దక్కనీ ఉర్దూ మాట్లాడుకుంటూ ఇక్కడే పెరిగి, ఇక్కడే పిల్లలకు పాఠాలు చెబుతున్న నాకు మాత్రం ముందు గుర్తుకు వచ్చేది మా కాళ్ల కింది ఎర్రరాయి. మా ఊరి భూగోళమూ, చరిత్రా, సంస్కృతీ ఆ రాయితోనే ముడిపడి ఉన్నాయి.

కర్ణాటకకు ఈశాన్యపు కొసన, హైదరాబాదుకు సుమారు నూట నలభై కిలోమీటర్ల దూరంలో, సముద్రమట్టానికి ఏడు వందల మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి అంచు మీద బీదరు ఉంది. పైన ఉన్నది జేగురు రాయి. పాఠ్యపుస్తకాల్లో దీన్నే లాటరైటు అంటారు. దాని నిండా సన్నని రంధ్రాలు. కింద గట్టి నల్లరాయి. వాన నీరు ఎర్రరాయి గుండా దిగి, నల్లరాయి తగిలేసరికి ఇక కిందికి పోలేక పక్కలకు పారుతుంది. పీఠభూమి అంచుల్లో ఊటలై బయటపడుతుంది.

మా ఊరి పుణ్యక్షేత్రాలు చాలావరకు ఈ ఊటల దగ్గరే వెలిశాయి. నరసింహ ఝరణిలో భక్తులు గుహలో రొమ్ములోతు నీళ్లలో నడిచి స్వామి దర్శనం చేసుకుంటారు. గురునానక్ వచ్చినప్పుడు వెలువడిందని భక్తులు నమ్మే ఊట దగ్గర 1948లో నానక్ ఝీరా గురుద్వారా కట్టారు. ఖాల్సా తొలి పంచప్యారేలలో ఒకరైన భాయి సాహిబ్ సింగ్ మా ఊరివారే.

15వ శతాబ్దంలో బహమనీ సుల్తాను అహ్మద్ షా గుల్బర్గా నుంచి రాజధానిని ఇక్కడికి మార్చాడు. కోట చుట్టూ మూడు వరుసల కందకాన్ని ఈ ఎర్రరాయిలోనే తొలిపించారు. ఇరాన్‌లోని గిలాన్ నుంచి వచ్చి ప్రధానమంత్రి అయిన మహమూద్ గవాన్ 1472లో మూడంతస్తుల మదరసా కట్టించాడు. దూరదేశాల పండితులు అక్కడికి వచ్చి పాఠాలు చెప్పారు. అంతటి మంత్రిని దొంగ ఉత్తరం ఒకటి నమ్మి 1481లో సుల్తాను చంపించాడు. 17వ శతాబ్దం చివర మందుగుండు పేలి మదరసాలో ఒక భాగం కూలిపోయింది. ముందువైపు గోడ మీద మిగిలిన నీలిపెంకులను చూపించి, ఇది ఒకప్పుడు బడి అని చెబితే మా పిల్లలు కాసేపు మాట్లాడరు.

బిదిరీ పనికి కూడా ఈ మట్టే ఆధారం. జింకులో కొద్దిగా రాగి కలిపి పాత్ర పోస్తారు. ఉలితో పువ్వులూ లతలూ చెక్కి, ఆ గాళ్లలో వెండి తీగ కొట్టి నింపుతారు. చివరకు ఎండా వానా తగలని కోటమట్టిని నవసాగరంతో కలిపి వేడి పాత్రకు రుద్దితే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే నిలుస్తుంది. మట్టి మంచిదో కాదో పనివారు నాలుక మీద వేసుకుని చెబుతారు. 2023లో ఈ కళకు చెందిన షా రషీద్ అహ్మద్ ఖాద్రీ గారికి పద్మశ్రీ లభించింది.

ఇక మనుషుల సంగతి. అష్టూరులోని అహ్మద్ షా సమాధి దగ్గర ఏటా జరిగే ఉర్సుకు హిందువులూ ముస్లిములూ కలిసి వస్తారు. కొందరు ఆయనను వలీ అంటే, మరికొందరు అల్లమప్రభువు అంటారు. ఆ అల్లమప్రభువు, బసవన్న నడిచిన కల్యాణం మా జిల్లాలోనే ఉంది. బసవన్న కథను పాల్కురికి సోమనాథుడు తెలుగులో బసవపురాణంగా రాస్తే, 1369లో భీమకవి దాన్ని కన్నడంలోకి తెచ్చాడు. 1956లో రాష్ట్రాలు విడిపోయినప్పుడు మా జిల్లాలోని జహీరాబాదు, నారాయణఖేడ్ ప్రాంతాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. ఇప్పుడవి తెలంగాణలో ఉన్నాయి. చుట్టరికాలు మాత్రం సరిహద్దు దగ్గర ఆగలేదు.

చివరగా కరేజు గురించి చెప్పాలి. ఇరాన్ పద్ధతిలో 15వ శతాబ్దంలో తవ్విన భూగర్భ కాలువ ఇది. ఎగువన తల్లిబావి, అక్కడి నుంచి కొద్దిపాటి వాలుతో సొరంగం, మధ్యమధ్య గాలికీ పూడికతీతకూ నిలువు బావులు. మోటారు లేదు, ఏతం లేదు, నీరు తనంతట తానే నడుస్తుంది. నౌబాదు కరేజు రెండు కిలోమీటర్లకు పైగా ఉంది. దాని మీదా పక్కనా ఇళ్లు లేచాయి, బావుల్లో చెత్త పడింది. 2014లో ప్రపంచ స్మారకాల నిధి సంస్థ బీదరును తన హెచ్చరికల జాబితాలో చేర్చింది. ఆ తరువాత పూడిక తీసే పని మొదలైంది.

ఒకసారి ఎనిమిదో తరగతి పిల్లలను అక్కడికి తీసుకువెళ్లాను. నిలువు బావిలోకి తొంగి చూసిన ఒక అమ్మాయి, "కింద ఇన్ని నీళ్లుంటే మా వీధికి ట్యాంకరు ఎందుకొస్తుంది సార్?" అని కన్నడంలో అడిగింది. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే మా పెరటి బావిని పూడ్చినవాళ్లం మేమే. కుళాయి వచ్చింది కదా, ఇక బావి ఎందుకని ఇల్లు పెంచేటప్పుడు రాళ్లూ మట్టీ పోయించి, దాని మీద గది వేసుకున్నాం. మా అమ్మ వద్దన్నది. నేనే వినలేదు. ఆ సంగతి ఆ రోజే పిల్లలకు చెప్పాను.

కోటగోడలో రాయి ఊడితే కంటికి కనిపిస్తుంది. నేల కింద నీటిదారి మూసుకుపోతే ఎవరికీ కనిపించదు, వేసవిలో కడవ ఖాళీ అయ్యాకే తెలుస్తుంది. అందుచేత శ్రోతలకు ఒక మనవి. బీదరు వస్తే కోట చూడండి, మదరసా చూడండి, తప్పకుండా నౌబాదుకూ వెళ్లండి. మీ ఊళ్లో, మీ పెరట్లో పాతబావి ఉంటే పూడ్చే ముందు ఇంట్లో పెద్దవాళ్లను ఒక్కమాట అడగండి.