వాలిపోవు బంగారు రేకులు



ఎవరి స్మృతికై నేడు మనమిచ్చట సమావేశమైతిమో ఆ మాస్టారు బడిలో వాడిన విద్యుద్దర్శిని యీ బల్లమీద నున్నది: గాజుసీసా, మూతిలో గంధకపు బిరడా, దాని గుండ దిగిన యిత్తడి కడ్డి, కడ్డి కొనను రెండు బంగారు రేకులు. పట్టుగుడ్డతో రుద్దిన గాజుకడ్డిని ఇప్పుడే దీనికి తాకించితిని, రేకులు విచ్చుకొన్నవి. అవి యట్లే నిలువవు, మెల్లమెల్లగ వాలును. 1785లో కులూంబు గమనించిన యీ విద్యుత్తు కారుట, నూరేండ్లకు పైగా పనిముట్టు లోపముగనే చెల్లిపోయినది. నేటి నా ప్రసంగమంతయు ఆ లోపమును గూర్చియే.

1896లో పారిసు నగరమున బెకెరెల్, నల్లకాగితము చుట్టిన ఫోటోపలకపై యురేనియం లవణము నుంచి సొరుగులో పెట్టిన కథ మీరెల్లరు విన్నదే. అంతగా వినబడనిది, ఆ కిరణములు గాలిని విద్యుద్వాహకముగ మార్చి ఆవేశమును హరించుననునది. దానినే ఆధారముగ గొని మేరీ క్యూరీ ఖనిజముల నొక్కొక్కటిగ కొలువగా, పిచ్‌బ్లెండు తనలోని యురేనియమునకు తగినదానికంటె మిక్కిలి చురుకుగ నుండెను. అందుండియే 1898లో పొలోనియము, రేడియములు బయటపడినవి. లోపమనుకొన్నది కొలబద్ద యైనది.

అయినను, చెంత యురేనియము లేని తావులందును రేకులు వాలుచునే యుండెను. వాతావరణమున కావలినుండి ఏవైన కిరణములు వచ్చుచున్నవేమో యని 1901లోనే ఊహించిన సి.టి.ఆర్. విల్సన్, రాత్రివేళ స్కాట్లండులోని యొక రైలు సొరంగములో పరికరమును పరీక్షించి, తేడా కానరాక ఆ ఊహను తానే విడిచెను. కొండరాతిలోనే యురేనియము, థోరియము లుండగా కొండలో దాగిన నేమి ఫలము! 1910లో వుల్ఫ్ అను జెస్యూట్ మతాచార్యుడు ఈఫిల్ గోపురమెక్కి కొలిచెను. నేలనుండి వచ్చు కిరణములు 80 మీటర్ల కే సగమగునని లెక్క. 300 మీటర్ల యెత్తునను సగమునకు పైగా మిగిలినవి.

అప్పుడు విక్టర్ హెస్ బెలూనెక్కెను. 1912 ఏప్రిలులో పాక్షిక సూర్యగ్రహణమునాడు పైకేగి, సూర్యుడు మరుగుపడినను కొలత తగ్గలేదని గ్రహించెను. కావున మూలము సూర్యుడు కాడు. ఆగస్టు 7న బొహీమియాలోని ఔసిగ్ పట్టణమునుండి హైడ్రోజను బెలూనులో 5,300 మీటర్ల కెగసినపుడు, తొలుత కొంత తగ్గిన కిరణబలము పైకేగుకొలది పెరిగి, నేలమీది దానికి సుమారు రెండింతలయ్యెను. కావున ఆ కిరణములు వాతావరణమున కావలినుండి వచ్చునవే; వీనినే విశ్వకిరణము లందురు. గాలి పలుచనగు ఆ యెత్తున, చలిలో, తన ప్రాణమును లెక్కసేయక రేకుల వంటి దారపు కదలికను సూక్ష్మదర్శినితో చదువుచు కూర్చున్న యా మనిషికి నోబెల్ బహుమానము 1936 వఱకు రాలేదు. ఆలస్యమనియే నా యభిప్రాయము.

పైనుండి వచ్చునవి యట్లుండగా, కిరణములు క్రిందినుండియు, చెంతనుండియు వచ్చుచునే యున్నవి. నేలలోని థోరియమునకు అర్ధాయువు 1,400 కోట్ల యేండ్లు. మన భీమునిపట్నము తీరపు మోనజైటు ఇసుకలో నున్నదదియే. యురేనియము సంతతియగు రేడాను వాయువునకు నాలుగు దినములైన లేదు. అరటిపండులోను, మన కండరములలోను ఉన్న పొటాషియములో నొక అణుభేదము సహజముగనే విఘటన మొందుచుండును. పెద్దవాని దేహములో సెకనుకు నాలుగువేలకు పైగా.

ఇక రేకులను చూడుడు: సగము వాలినవి. అందు ఈ వానాకాలపు తేమకు, పాతబడిన బిరడాకును పెద్దవాటా గలదని యొప్పుకొనుచున్నాను. గోడల రాతికి, కప్పు దాటి దిగు విశ్వకిరణములకును కొంత గలదు. మాస్టారైనచో ఈపాటికి గడియారము చూచి నల్లబల్లపై అంకె వేసియుందురు.