నక్షత్రాలలో ఏమున్నది?
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగం)



మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్ళం, శాస్త్రజ్ఞులం కాము. పిల్లలు అడిగే ఒక ప్రశ్నకు జవాబు మాత్రం మనవి చేస్తాం. చేయి అందని నక్షత్రంలో ఏమున్నదో మనిషికి ఎట్లా తెలిసింది?

వెలుతురే చెప్పింది. సూర్యకాంతిని గాజు పట్టకం గుండా పంపితే రంగులుగా విడిపోతుంది. ఆ రంగుల పట్టీలో సన్నని గీతలుంటాయి. మనిషికి వేలిముద్రల్లాగే ఒక్కొక్క మూలకానికి దాని గీతలు దానికున్నాయి.

ఈ కథలో మన గుంటూరు కూడా ఉన్నది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం నాడు ఫ్రాన్సు దేశపు జాన్సెన్ గారు గుంటూరులో ఉండి, సూర్యుని అంచున లేచే జ్వాలల గీతలను పరీక్షించారు. గ్రహణం లేకున్నా వాటిని చూడవచ్చునని మరునాడే రుజువు చేశారు. అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ గారు విడిగా అదే పని చేశారు. ఆ గీతల్లో పసుపుపచ్చనిది ఒకటి అప్పటికి తెలిసిన ఏ మూలకానికీ సరిపోలేదు. దానికే హీలియం అని పేరు పెట్టారు. భూమి మీద అది రామ్సే గారికి దొరికింది 1895లో!

1920లో మన మేఘనాథ్ సాహా గారు ఇంకొక ముడి విప్పారు. వేడిని బట్టి గీతల బలం మారుతుంది కనుక, గీత బలంగా ఉన్నంత మాత్రాన ఆ పదార్థం ఎక్కువున్నదని అనుకోరాదు.

ఆ సూత్రంతో లెక్క వేసినది సిసీలియా పేన్ అనే అమ్మాయి. నాలుగేళ్ళకే తండ్రి పోయారు. స్కాలర్‌షిప్పుతో కేంబ్రిడ్జిలో చదివింది, కాని అక్కడ ఆడవాళ్ళకు డిగ్రీ ఇచ్చేవారు కాదు. ఫెలోషిప్పు దొరికి 1923లో అమెరికాలోని హార్వర్డు వేధశాలకు వెళ్ళింది. నక్షత్రాలలో అత్యధిక భాగం హైడ్రోజన్, ఆ తర్వాత హీలియం అని 1925లో తేల్చింది. పేరుమోసిన శాస్త్రజ్ఞుడు రస్సెల్ గారు అది అసాధ్యమన్నారు. ఆ ఫలితం నిజం కాకపోవచ్చునని ఆమె తన సిద్ధాంత గ్రంథంలోనే రాసుకోవలసి వచ్చింది. 1929లో రస్సెల్ గారే వేరే దారిన అదే జవాబుకు చేరి, ఆమె ఫలితాన్ని అంగీకరించారు. 1956లో ఆమె హార్వర్డులో ప్రొఫెసరయింది.

ఉస్తాదును గౌరవించవలసిందే. కాని సుబూతు ఉస్తాదు కంటే పెద్దది. ఇది మా పిల్లలకు మేము చెప్పే మాట.

పెద్దలకు మరొక మాట. లెక్కలు బాగా వచ్చిన ఆడపిల్లను బడి మాన్పించే ఇళ్ళు మన మధ్య ఇంకా ఉన్నాయి. ఆ స్కాలర్‌షిప్పు లేకుంటే సిసీలియా చదువు ఏమయ్యేదో ఆలోచించండి. ఈసారి సంఘానికి పెట్టే దరఖాస్తులలో అబ్బాయి పేరుతో పాటు అమ్మాయి పేరు కూడా రాయండి.