లెక్కతో పాటు దారీ దాచండి

పెద్దేముల్, తాండూరు పరిసరాల్లో నాపరాతి గనులు చూస్తూ పెరిగినవారికి నేల పొరలుపొరలుగా ఉంటుందని వేరే చెప్పనక్కర్లేదు. ఆ రాయి భీమా బేసిన్‌ది. ఆ బేసిన్ కొంతమేర దక్కన్ నల్లరాతి కిందికి చొచ్చుకుపోయి కంటికి కనబడదు. అక్కడ బోరు వేయకుండా లోపలి సంగతి తెలుసుకోవాలంటే నేలలో కంపనాలు పుట్టించి, పొరలను తాకి తిరిగొచ్చే తరంగాలను నమోదు చేసి, కంప్యూటర్లో శుద్ధి చేయాలి. నల్లరాతిలో తరంగాలు చెదిరిపోతాయి కాబట్టి ఈ శుద్ధికి ఎంతో ఓపిక కావాలి.

కొలరాడో స్కూల్ ఆఫ్ మైన్స్ ఉచితంగా పంచిన ‘సీస్మిక్ యునిక్స్’లో ఈ పనికి చిన్నచిన్న ప్రోగ్రాములు ఎన్నో ఉన్నాయి. ఒకదాని ఫలితం మరొకదానికి అందేలా ఆదేశాలు టైపు చేయాలి. తర్వాత వచ్చిన గ్రాఫికల్ సాఫ్ట్‌వేర్లలో మెనూ నుంచి ప్రోగ్రాములు ఎంచుకుని, వరుస పేర్చి, నెట్‌వర్క్‌లోని వేరే కంప్యూటర్లకు పని అప్పగించవచ్చు. తొలి దశల్లో ఒక్కోసారి పుట్టించిన కంపనాల రికార్డును విడిగా శుద్ధి చేయవచ్చు కనుక పని పంచడం తేలిక. మామూలు కంప్యూటర్లను కలిపి భారీ లెక్కలు చేయవచ్చని నాసా శాస్త్రవేత్తలు 1994లోనే చూపారు. అంటే జిల్లా కాలేజీ ల్యాబ్‌కూ ఈ పని అందుబాటులోకి వచ్చినట్టే. అయినా ఇందులో అసలు లాభం పని సులువవడం కాదు. ఏ అడుగు తర్వాత ఏ అడుగు వేశామో, ఏ విలువ ఇచ్చామో నమోదై ఉండటమే అసలు లాభం.

మౌస్ నొక్కేవారికి శాస్త్రం ఒంటబట్టదని కొందరి అభ్యంతరం. అందులో కొంత నిజముంది. గడిలో ముందే ఉన్న అంకెను ఆలోచించకుండా ఒప్పుకుంటే, తరంగ వేగం తప్పి, లేని వంపు బొమ్మలో కనబడుతుంది. కానీ ఆదేశం టైపు చేసినా అదే తప్పు జరుగుతుంది. నమోదైన వరుస ఉంటే మరొకరు దాన్ని పట్టుకోగలరు. ఇక 1961 నుంచి హైదరాబాద్‌లో జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) ఉండగా మనకెందుకు అనేవారికి ఆ సంస్థ చరిత్రే జవాబు. 1970లలో సోవియట్ సహకారంతో కావలి నుంచి ఉడుపి దాకా సేకరించిన ఇలాంటి తరంగాల సమాచారాన్ని దశాబ్దాల తర్వాత కొత్త పద్ధతుల్లో మళ్లీ విశ్లేషించారు. సమాచారం మనుషుల ఉద్యోగకాలాన్ని మించి బతుకుతుంది. దాన్ని తిరిగి చదివే చేతులు చాలా కావాలి.

ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీరు గనుల్లో చేరినా, చమురు సంస్థల్లో చేరినా, బడిలో పాఠం చెప్పినా, మీ లెక్క ఎలా చేశారో, ఆ అంకె ఎందుకు ఎంచుకున్నారో రాసి తర్వాతివారికి అప్పగించండి.