ఈగ మీద తీర్మానం

సోవియట్ యూనియన్‌లో జన్యువులు ఉన్నాయా లేవా అన్న సంగతి 1948లో తేలింది. తేల్చింది ప్రయోగశాల కాదు, కమ్యూనిస్టు పార్టీ కేంద్ర కమిటీ. మెండెల్ బఠానీల లెక్క చెప్పి అప్పటికే ఎనభై ఏళ్లు దాటింది. జన్యువుల నివాసం క్రోమోజోములేనని మోర్గన్ బృందం న్యూయార్క్‌లో పండ్ల ఈగల సాయంతో చూపి మూడు దశాబ్దాలు గడిచాయి. ఎక్స్‌రేలతో ఈగల్లో ఉత్పరివర్తనాలు పుట్టించిన ముల్లర్‌కు 1946లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఇంత జరిగాక ఒక పెద్ద రాజ్యం ఇదంతా లేదు పొమ్మంది. ఆ రాజ్యాన్ని చూసి నవ్వినవాళ్ల కథ అందరికీ తెలుసు. మొదట నవ్వింది రాజ్యమేనన్నది అంతగా గుర్తుండదు.

త్రోఫిమ్ లిసెంకో 1898లో ఉక్రెయిన్‌లో రైతు కుటుంబంలో పుట్టాడు. శీతాకాలపు గోధుమ విత్తనాన్ని తడిపి, చలిలో ఉంచి, వసంతంలో చల్లితే ఆ ఏడే వెన్ను వేస్తుందన్న ప్రచారంతో 1929 నాటికి పత్రికలకెక్కాడు. చలి పనిచేస్తుందన్నది అబద్ధం కాదు. జర్మనీలో గాస్నర్ అంతకు పదేళ్ల ముందే దాన్ని వివరించాడు. పేచీ రెండో అడుగులో వచ్చింది. చలికి విత్తనం నేర్చుకున్న గుణం దాని సంతానానికీ దిగుతుందని లిసెంకో అన్నాడు. అలాగైతే గోధుమను కావలసినట్టు మలచుకోవచ్చు, తరాల తరబడి ఎంపిక చేస్తూ కూర్చోనక్కర్లేదు.

అది బలవంతపు సమష్టి వ్యవసాయం, దాని వెనకే 1932–33 కరువు వచ్చిన కాలం. కొత్త వంగడం తేవడానికి పది పన్నెండేళ్లు పడుతుందని జన్యుశాస్త్రజ్ఞులు చెప్పేవారు. లిసెంకో రెండున్నరేళ్లు చాలన్నాడు. రుజువు కోసం సామూహిక క్షేత్రాల అధ్యక్షులకు ప్రశ్నపత్రాలు పంపి, వాళ్లు నింపిన దిగుబడి అంకెలను ప్రచురించేవాడు. పంట పోయిందని రాసినవాడి మీద విధ్వంసకుడన్న ముద్ర పడే రోజులవి. కాబట్టి కాగితం మీద ఎక్కడా పంట పోలేదు.

1935 ఫిబ్రవరిలో క్రెమ్లిన్‌లో జరిగిన రైతుల మహాసభలో లిసెంకో తన విమర్శకులను వర్గశత్రువులతో పోల్చాడు. శెభాష్ కామ్రేడ్ లిసెంకో అని స్టాలిన్ కూర్చున్నచోటి నుంచే కేకవేశాడు. ఆ ఏడే మిచూరిన్ అనే పళ్లతోటల నిపుణుడు చనిపోయాడు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమన్న సామెత ఇంత అక్షరాలా నిజమైన సందర్భం అరుదు. తన సిద్ధాంతానికి లిసెంకో పెట్టిన పేరు 'మిచూరిన్ జీవశాస్త్రం'. 1938లో అతను లెనిన్ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ అధ్యక్షుడయ్యాడు. ఆ అకాడమీ తొలి అధ్యక్షుడు నికొలాయ్ వవిలోవ్, ఐదు ఖండాలు తిరిగి విత్తనాలు సేకరించి లెనిన్‌గ్రాద్‌లో విత్తన భాండాగారం కట్టినవాడు. 1940 ఆగస్టులో అతన్ని అరెస్టు చేశారు. ముట్టడిలో చిక్కిన నగరంలో అతని సహచరులు కొందరు ఆ విత్తనాలను కాపాడుతూ, వాటిని తినకుండానే ఆకలితో చనిపోయారు. ప్రపంచానికి తిండిగింజలు కూడబెట్టిన వవిలోవ్ 1943 జనవరిలో సరాతోవ్ జైల్లో తిండిలేక చనిపోయాడు. ఈ చరిత్రలో హాస్యానికి చోటులేని భాగం ఇదొక్కటే.

1948 జులై 31న అకాడమీ సమావేశం మొదలైంది. కొందరు ధైర్యం చేసి ఎదురు చెప్పారు. యుద్ధంలో ఒక కన్ను పోగొట్టుకుని వచ్చిన రాపొపోర్త్ వాళ్లలో ఒకడు. చివరి రోజైన ఆగస్టు 7న లిసెంకో లేచి, తన నివేదికను కేంద్ర కమిటీ పరిశీలించి ఆమోదించిందని చెప్పాడు. వారం రోజుల చర్చ జరిగాక, తీర్పు చర్చకు ముందే వచ్చేసిందని సభికులకు తెలిసింది. నిన్నటిదాకా వాదించినవారు కొందరు అక్కడికక్కడే తప్పు ఒప్పుకున్నారు. ఆ తరువాత శాఖలు మూశారు, పాఠ్యపుస్తకాలు తీసేశారు, ప్రయోగశాలల్లోని పండ్ల ఈగలను చంపేశారు. సెప్టెంబరులో ముల్లర్ సోవియట్ అకాడమీ సభ్యత్వాన్ని వదులుకున్నాడు.

ఈగలు చచ్చాక వాటి మీద నవ్వు మొదలైంది. 1949 మార్చిలో 'అగన్యోక్' వారపత్రికలో స్తుదీత్‌స్కీ వ్యాసం ఒకటి వచ్చింది. దాని పేరు తెలుగులో చెప్పాలంటే 'ఈగప్రియులు, మానవద్వేషులు'. కార్టూన్లు గీసింది బొరీస్ యెఫీమొవ్, సోవియట్ వ్యంగ్యచిత్రకారుల్లో మహా చేయి తిరిగినవాడు. దేశానికి రొట్టె కావలసివస్తే ఈగ కళ్ల రంగు లెక్కపెట్టే పెద్దమనుషులని వెక్కిరింత. వెటకారం లెక్కన చూస్తే అది చవకబారు సరుకేమీ కాదు. అందులో లోపం ఒక్కటే: ఎవరి మీద నవ్వుతున్నారో వాళ్లకు తిరిగి నవ్వే వీలు లేదు.

రాజ్యం పక్షాన అచ్చయిన సిద్ధాంతాలు మాత్రం ఏ కార్టూనుకూ తీసిపోవు. గోధుమ మొక్కకు రై గింజలు పుట్టగలవన్నాడు లిసెంకో. కోకిల మరో పక్షి గూటిలో గుడ్డు పెట్టదు, ఆ పక్షికే కోకిల పుడుతుందన్న వాదాన్ని వెనకేసుకొచ్చాడు. ఒకే జాతి మొక్కల మధ్య పోటీ ఉండదన్నది అన్నిటికన్నా ఖరీదైన సూత్రం. స్తెప్పీలలో అడవులు పెంచే 1948 నాటి పథకంలో దాని ప్రకారం ఓక్ గింజలను గుంపులుగా నాటించారు. బలహీనమైన మొక్కలు జాతి మేలు కోరి తమంతట తామే తప్పుకుంటాయట. మొక్కలు పార్టీ సాహిత్యం చదవలేదు కాబోలు, చాలాచోట్ల తప్పుకోవలసినవీ నిలవవలసినవీ కలిసే ఎండిపోయాయి. జనం నోట ఒక ప్రశ్న తిరిగేది: మిచూరిన్ ఎలా చనిపోయాడు? స్ట్రాబెర్రీ చెట్టెక్కి, జారిపడి. స్ట్రాబెర్రీ నేలను పాకే మొక్క. నవ్వు అప్పటికి చేతులు మారుతోంది.

బయటి దేశాల్లో బాగా ఇరుకున పడ్డవాడు జె.బి.ఎస్. హాల్డేన్. జన్యుశాస్త్రంలో దిగ్గజం, బ్రిటిష్ కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు. 1948 నవంబరులో బి.బి.సి. చర్చలో తోటి శాస్త్రజ్ఞులు లిసెంకోను ఉతికి ఆరేస్తుంటే, తెలిసిన విజ్ఞానానికీ నమ్మిన పార్టీకీ మధ్య నిలబడి అతను నీళ్లు నమిలాడు. 1950 ప్రాంతంలో పార్టీకి దూరమై, 1957లో భారతదేశం వచ్చి ఇక్కడి పౌరుడయ్యాడు. అతని శిష్యుడు, పిఠాపురం వాడైన ద్రోణంరాజు కృష్ణ చెవి మీది వెంట్రుకలు తండ్రి నుంచి కొడుకుకు దిగే తీరును వంశవృక్షాలు గీసి అధ్యయనం చేసి 1960లో ప్రచురించాడు. మాస్కోలో అధికారికంగా లేని జన్యువును ఇక్కడ చెవి పట్టుకుని లెక్కపెడుతున్నారన్నమాట. హాల్డేన్ 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో చనిపోయాడు. అతని కోరిక ప్రకారం శరీరం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేరింది.

అంతకు దాదాపు ఏడు వారాల ముందే సోవియట్ నేత క్రుశ్చేవ్ పదవి పోయింది, లిసెంకోకు నీడ పోయింది. 1965లో జన్యుశాస్త్ర సంస్థ డైరెక్టరు పదవి నుంచి దించేశారు. జైలు లేదు, విచారణ లేదు. అకాడమీ సభ్యుడిగానే 1976లో చనిపోయాడు. ఈ చరిత్రను రాసి విదేశంలో అచ్చువేయించిన జోరెస్ మెద్వెదెవ్‌ను మాత్రం 1970లో పిచ్చాసుపత్రిలో పెట్టారు. శాస్త్రజ్ఞుల నిరసన గట్టిగా వినబడడంతో 19 రోజులకు వదిలారు.

ఈలోగా లిసెంకో మీది నవ్వు నవలల్లోకీ ఎక్కింది. స్త్రుగాత్‌స్కీ సోదరుల 'సోమవారం శనివారం మొదలవుతుంది' 1965లో వచ్చింది. అందులో ప్రొఫెసర్ విబెగాల్లో ఆదర్శ మానవుడి నమూనా తయారుచేస్తాడు. అది తిని, తిని, పగిలిపోతుంది. వొయినోవిచ్ నవల 'చోన్కిన్' ఇంకా దూరం వెళ్లింది. 1941 నాటి పల్లెలో గ్లాదిషెవ్ అనే రైతు పైన టమాటా, కింద బంగాళాదుంప కాసే మొక్క కోసం పాటుపడతాడు. దానికి 'సోషలిజానికి బాట' అని నామకరణం చేస్తాడు. ఇంట్లో పేడతో సారా కాస్తాడు. పైనా కిందా కాయవలసిన ఆ మొక్కలను చివరికి పక్కింటి ఆవు మేసేస్తుంది. 1975లో పారిస్‌లో పుస్తకంగా వచ్చిన ఈ నవలను మాస్కో పత్రిక 'యూనొస్త్' 1988 చివర అచ్చువేయడం మొదలుపెట్టింది. రచయిత అప్పటికి పౌరసత్వం పోగొట్టుకుని జర్మనీలో ఉన్నాడు.