ఆఖరి బస్సు ఐదింటికి



సోషల్ వర్క్ పట్టాలు అందుకుంటున్న మీలో కొందరు బడుల్లో పనిచేయడానికి వెళ్తారు. ఆ పని 1906–07లో అమెరికాలోని న్యూయార్క్, బోస్టన్, హార్ట్‌ఫర్డ్ నగరాల్లో మొదలైంది. 'విజిటింగ్ టీచర్లు' పిల్లల ఇళ్ళ గుమ్మం తొక్కి, బడిలో కనిపించే తంటాకి ఇంట్లో మూలం వెతికారు. తరవాత వాళ్ళు జాతీయ సంఘం పెట్టుకున్నారు. 1955లో ఆ సంఘంతో సహా ఏడు సంఘాలు కలిసి ఒకే పెద్ద సంఘమయ్యాయి. అయినా బడుల సంగతే పట్టించుకునే జాతీయ సంఘం మళ్ళీ అవసరమైంది. అది 1994లో వచ్చింది.

ఈ మధ్యలో 1968 ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన జాతీయ సాంఘిక సంక్షేమ మహాసభ నుంచి నల్లజాతి సోషల్ వర్కర్లు లేచి వెళ్ళిపోయి, సొంత సంఘం స్థాపించుకున్నారు. వాళ్ళు బయటివాళ్ళేం కాదు, అదే వృత్తిలో ఉన్నవాళ్ళు. తమ జనం గురించిన నిర్ణయాల్లో తమ మాట చెల్లకపోవడమే వాళ్ళ బాధ. కుర్చీ దొరికినంత మాత్రాన మాట దొరకదు.

సంఘంలో అధికారం అధ్యక్షుడి దండలో ఉండదు. ఎజెండా రాసే చేతిలో, సభ్యత్వ రుసుములో, మినిట్స్ రాసే భాషలో, సభ పెట్టే వేళలో ఉంటుంది.

ఇది నా తప్పు నుంచి నేర్చుకున్నాను. ఒక చిన్న సంఘానికి కార్యదర్శిగా ఉన్న రోజుల్లో సాయంత్రం ఆరింటికి, జిల్లా కేంద్రంలోనే సభలు పెట్టేవాణ్ణి. ఏజెన్సీలోని ఆశ్రమ పాఠశాలలో పనిచేసే ఒకమ్మాయి వరసగా మూడు సభలకు రాలేదు. 'ఆసక్తి లేదు' అని నా చేత్తోనే రాశాను. తరవాత తెలిసింది, వాళ్ళ ఊరికి ఆఖరి బస్సు ఐదింటికి.

బడికి రాని పిల్లాడి ఇంటికి వెళ్ళి కారణం అడగడం బడుల్లో మన పనికి పునాది. సభకు రాని తోటి ఉద్యోగిని మాత్రం ఒక్క మాటతో కొట్టేస్తాం.

రేపు మీరూ కార్యవర్గాల్లో కూర్చుంటారు. మినిట్స్ పుస్తకంలో ఎవరి పేరు పక్కనైనా 'గైర్హాజరు' అని రాసే ముందు కలం పక్కన పెట్టండి. వాళ్ళ ఊరి బస్సు వేళ కనుక్కోండి. వీలైతే ఆ బస్సెక్కి, వచ్చే సభ అక్కడే పెట్టండి.